సర్వీస్ డాగ్‌తో వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు వెళ్లేముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మాయికి టైప్ 1 మధుమేహం. రక్తంలో చక్కెర పడిపోతున్నప్పుడు వాసన పట్టి ముందే హెచ్చరించే లాబ్రడార్ ఒకటి నాలుగేళ్లుగా ఆమె వెంట ఉంటోంది. ఆ కుక్కతో మేము ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు వెళ్లివచ్చామని తెలిసినప్పటి నుండి అమెరికాలో ఉన్న తెలుగువారు చాలామంది ఇవే సందేహాలను మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఎవరికి ఏ ప్రశ్న అవసరమైతే దాన్ని మాత్రమే చదువుకోవచ్చు.

## వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

మా కుక్క చట్టం దృష్టిలో సర్వీస్ డాగ్ అవుతుందా?

అమెరికాలో 1990లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టాన్ని అందరూ ఏడీఏ అని పిలుస్తారు. దాని కింద న్యాయశాఖ సవరించిన నియమాలు 2011 మార్చి 15 నుండి అమలులో ఉన్నాయి. వైకల్యం ఉన్న వ్యక్తి కోసం, ఆ వైకల్యానికి సంబంధించిన ఒక పనిని చేసేలా ప్రత్యేకంగా శిక్షణ పొందిన కుక్కే సర్వీస్ డాగ్ అని ఆ నియమాలు చెబుతున్నాయి. పక్కన ఉంటే మనసుకు ఊరటగా ఉంటుందన్న కారణం ఒక్కటే సరిపోదు. అయితే ఆందోళన ఎక్కువై మనిషి వణికిపోతున్నప్పుడు గుర్తించి, ఒడిలో బరువుగా పడుకుని శాంతపరచడం నేర్చుకున్న కుక్క నిస్సందేహంగా సర్వీస్ డాగే, ఎందుకంటే అది నేర్చుకున్న పనిని చేస్తోంది. శిక్షణ ఏదో ఒక సంస్థే ఇవ్వాలన్న నియమం లేదు; ఇంట్లో మీరే నేర్పినా చట్టం ఒప్పుకుంటుంది.

ఆన్‌లైన్‌లో అమ్మే సర్టిఫికెట్, ఐడీ కార్డు కొనుక్కోవాలా?

కొనవద్దు. ఏడీఏ కింద నమోదు గానీ, సర్టిఫికెట్ గానీ, ప్రత్యేకమైన కోటు గానీ అవసరం లేదు. డబ్బు తీసుకుని ఆ కార్డులు ఇచ్చే వెబ్‌సైట్లకు చట్టపరంగా ఏ విలువా లేదు. కోటు వేయడం వల్ల జనం కాస్త దూరంగా ఉంటారు కనుక మేము వేస్తాము, అది వేరే సంగతి. పెంపుడు కుక్కకు కోటు తొడిగి సర్వీస్ డాగ్ అని చెప్పుకోవడం మాత్రం ఫ్లోరిడాలో నేరం. దానికి శిక్షతో పాటు 30 గంటల సమాజ సేవ కూడా చేయవలసి ఉంటుంది. అలాంటి కుక్క ఒకటి అరిచి, ఎవరి మీదనో ఎగబడిందంటే, ఆ తరువాత వచ్చే నిజమైన అవసరమున్న కుటుంబాన్ని అనుమానంగా చూస్తారు. ఆ చూపు ఎలా ఉంటుందో మాకు తెలుసు.

గేటు దగ్గర సిబ్బంది ఏం అడుగుతారు? మేము ఏమని చెప్పాలి?

చూడగానే విషయం తెలియకపోతే వారు రెండే ప్రశ్నలు అడగవచ్చు. వైకల్యం కారణంగా ఈ కుక్క అవసరమా అన్నది మొదటిది, ఏ పనికి దీనికి శిక్షణ ఇచ్చారన్నది రెండవది. జబ్బు పేరు అడగడానికి, కాగితాలు చూపమనడానికి, పని చేసి చూపించమనడానికి వీలులేదు. “అవును, అవసరమే. చక్కెర పడిపోయే ముందు మా అమ్మాయిని హెచ్చరిస్తుంది” అన్న రెండు వాక్యాలతో మా పని పూర్తయింది. “మాకు తోడుగా ఉంటుంది” అని మొహమాటంగా చెప్పి ఇబ్బంది పడినవారు ఉన్నారు కనుక, కుక్క చేసే పనిని ఒక్క స్పష్టమైన వాక్యంలో చెప్పడం ఇంటి దగ్గరే సాధన చేయండి. పిల్లలు కూడా ఆ వాక్యాన్ని చెప్పగలిగితే మరీ మంచిది.

శిక్షణ ఇంకా పూర్తికాని కుక్కను తీసుకువెళ్లవచ్చా?

శిక్షణలో ఉన్న కుక్కలకు ఏడీఏ రక్షణ వర్తించదు. ఫ్లోరిడా రాష్ట్ర చట్టం మాత్రం శిక్షకులకు ఆ అవకాశం ఇస్తోంది. హక్కు ఉన్నా నేను వద్దనే చెబుతాను. థీమ్ పార్క్ శిక్షణ చివరిలో పెట్టే పరీక్షకు తగిన చోటు, పాఠం మొదలుపెట్టే చోటు కాదు.

మా కుక్క అక్కడ తట్టుకోగలదో లేదో ఎలా తెలుసుకోవాలి?

చట్టం మిమ్మల్ని గేటు దాటిస్తుంది. ఆ తరువాత ఎనిమిది, పది గంటలు ఎలా గడుస్తాయన్నది కుక్క ఒంటి మీద, మనసు మీద ఆధారపడి ఉంటుంది. అందుచేత ముందుగా మీ ఊళ్లో శనివారం సాయంత్రం కిక్కిరిసిన మాల్‌కు తీసుకువెళ్లి మూడు గంటలు గడపండి. నేల మీద పడిన తినుబండారాన్ని వదిలేస్తోందా, పరుగెత్తే పిల్లలను చూసి నిలకడగా ఉంటోందా, బల్ల కింద గంటసేపు కదలకుండా పడుకుంటోందా అన్నవి గమనించండి. వీటన్నింటికన్నా ముఖ్యమైన పరీక్ష మరొకటి ఉంది: ఆ గోలలో కూడా తన అసలు పనిని చేస్తోందా? మాల్‌లో హెచ్చరించడం మరిచిపోయిన కుక్క డిస్నీలోనూ మరిచిపోతుంది. తోక ముడవడం, మాటిమాటికీ ఆవులించడం, పెదవులు నాక్కోవడం, తినడానికి ఇచ్చినా ముట్టకపోవడం ఒత్తిడికి గుర్తులు. అవి కనిపిస్తే ప్రయాణాన్ని ఒక ఏడాది వాయిదా వేయడంలో నష్టమేమీ లేదు.

ఏ నెలల్లో వెళితే కుక్కకు సుఖంగా ఉంటుంది?

పార్కు దగ్గరున్న ఆర్లాండోలో మే నుండి సెప్టెంబర్ వరకు ఎండతో పాటు ఉక్కపోత ఎక్కువ. మధ్యాహ్నాలు ఉరుములతో వానలు కురుస్తాయి. క్రిస్మస్ వారంలో చల్లగా ఉన్నా జనం విపరీతం. జనవరి రెండవ సగం నుండి ఫిబ్రవరి మొదటి వారాల వరకు ఉన్న కాలం మాకు అన్ని విధాలా నచ్చింది. బడి సెలవులు వేసవిలోనే కుదురుతాయనుకుంటే, ఉదయం, సాయంత్రం మాత్రమే పార్కులో ఉండేలా రోజును విడగొట్టుకోవాలి.

## బయలుదేరే ముందు సన్నాహం

ఎన్ని వారాల ముందు నుండి, వేటికి అలవాటు చేయాలి?

కనీసం ఎనిమిది వారాలు పెట్టుకోండి. కాళ్లకు తొడిగే బూట్లతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే మొదటిసారి తొడిగినప్పుడు ఏ కుక్కయినా వింతగా కాళ్లెత్తి నడుస్తుంది. రోజుకు ఐదు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోతే మూడు వారాలకు మామూలుగా నడుస్తుంది. తరువాత కదిలే నేల మీద కూర్చోవడం రావాలి, దానికి బస్సు, రైలు, పడవ ప్రయాణాలు ఉపయోగపడతాయి. పెద్ద తలలతో, రంగురంగుల వేషాలతో ఉన్న మనుషులను కూడా అది చూసి ఉండాలి. డిసెంబర్‌లో మాల్స్‌లో కనిపించే సాంటా వేషధారులు ఇందుకు సరిపోతారు. బాణసంచా చప్పుడును ఫోన్‌లో చాలా తక్కువ శబ్దంతో, అన్నం తినే వేళ వినిపిస్తూ, రోజురోజుకూ కొద్దిగా పెంచండి. దీపావళి రోజున ఒక్కసారిగా బయట నిలబెట్టి అలవాటు చేయాలనుకోవడం కుక్కను జీవితాంతం భయపెట్టడమే అవుతుంది.

సంచిలో ఏం పెట్టుకోవాలి?

మడిచే నీళ్ల గిన్నె, పెంట ఎత్తే సంచులు, బూట్లు, తడిపి వేసే చల్లని కోటు, అదనంగా ఒక తాడు, రేబిస్ టీకా కాగితం ఫొటో, ఒక పూట అదనపు ఆహారం చాలు. వీటితో పాటు ఇంట్లో అది రోజూ పడుకునే పలచటి పరుపును తప్పకుండా తీసుకువెళ్లండి. ఎక్కడ పరిచినా అది తన చోటని కుక్కకు తెలుస్తుంది. నీళ్ల సీసాలు మోయవలసిన పనిలేదు. చల్లని పానీయాలు పోసి అమ్మే కౌంటర్ల దగ్గర మంచినీళ్లు అడిగితే ఉచితంగా ఇస్తారు.

పశువైద్యునితో ఏం మాట్లాడాలి?

ఫ్లోరిడాలో దోమలు ఏడాది పొడవునా ఉంటాయి, వాటి ద్వారా గుండె పురుగుల జబ్బు వస్తుంది కనుక దాని నివారణ మందు మానకుండా ఇవ్వాలి. గోమార్లు, పిడుదులు పట్టకుండా మందు వాడాలి. హోటల్ పచ్చికలో రాత్రిపూట, ముఖ్యంగా వాన వెలిసిన తరువాత, కేన్ టోడ్ అనే పెద్ద విషపు కప్పలు తిరుగుతాయి. కుక్క దాన్ని నోట పెడితే ప్రాణం మీదకు వస్తుంది. చెరువుల, కాలువల అంచుల్లో మొసలి జాతికి చెందిన అలిగేటర్లు ఉంటాయి కనుక నీటి అంచుకు పోనివ్వకూడదు.

ఇండియా నుండి వచ్చిన అమ్మమ్మ, తాతయ్యలు కూడా వస్తున్నారు. వారికి ఎలా నచ్చజెప్పాలి?

ఇది మా ఇంట్లోనే ఎదురైన ప్రశ్న. ప్రేమగా ముద్ద పెట్టడం, పేరు పెట్టి పిలవడం వారికి సహజం. కుక్క పనిలో ఉన్నప్పుడు పిలిస్తే దాని ధ్యాస మళ్లుతుందని, ఆ నిమిషంలోనే పిల్లకు చక్కెర పడిపోవచ్చని విడమరచి చెబితే వారు వెంటనే అర్థం చేసుకున్నారు. ఉల్లిపాయ వేసిన ఉప్మా, కిస్‌మిస్ వేసిన పరమాన్నం, చాక్లెట్ కుక్కలకు విషమని కూడా చెప్పాలి. మడి పాటించే పెద్దలుంటే గదిలో దేవుడి పటం పెట్టే మూలను, కుక్క పడుకునే మూలను ముందే వేరు చేస్తే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు. కోటు విప్పిన తరువాత, గదిలో, అది వారి దగ్గరకు వెళ్లి పడుకోవచ్చు. మా అత్తగారు ఆ వేళ కోసమే ఎదురుచూసేవారు.

## ప్రయాణం, బస

విమానంలో కుక్కకు టికెట్ కొనాలా?

అవసరం లేదు. విమానాలకు ఏడీఏ కాకుండా వేరే చట్టం వర్తిస్తుంది. 2021 జనవరి నుండి అమలైన రవాణాశాఖ నియమం ప్రకారం శిక్షణ పొందిన కుక్కలను మాత్రమే సర్వీస్ జంతువులుగా ఒప్పుకుంటారు. ఆ శాఖ ఇచ్చిన ఫారం నింపి పంపాలి. ముందుగా టికెట్ కొన్నవారిని 48 గంటల ముందే ఇమ్మని విమాన సంస్థ అడగవచ్చు. ఎనిమిది గంటలు, అంతకు మించిన ప్రయాణమైతే కుక్క మలమూత్రాలను ఆపుకోగలదని తెలిపే ఇంకో ఫారం కూడా కోరవచ్చు. కుక్క మీ కాళ్ల దగ్గరి చోటులోనే ఇమడాలి.

హోటల్‌లో అదనపు రుసుము కట్టాలా? కుక్కను గదిలో వదిలి వెళ్లవచ్చా?

పెంపుడు జంతువులకు వసూలు చేసే రుసుమును సర్వీస్ డాగ్‌కు వసూలు చేయకూడదు, జంతువులకు కేటాయించిన గదులే తీసుకోవాలని పట్టుబట్టకూడదు. కుక్క ఏదైనా పాడుచేస్తే మాత్రం నష్టం కట్టవలసి రావచ్చు. గదిలో ఒంటరిగా వదలడానికి వీలులేదు, ఎందుకంటే అది ఎల్లప్పుడూ ఒకరి అదుపులో ఉండాలన్నదే నియమం. కుక్కకు విశ్రాంతి కావాలంటే మీలో ఒకరు దానితో పాటు గదిలో ఉండాలి. పెద్దవాళ్లు వెంట ఉంటే ఈ సమస్య సులువుగా తీరుతుంది, మధ్యాహ్నం వారికీ నిద్ర కావాలి కదా.

ఊబర్ డ్రైవర్ కుక్కను ఎక్కించుకోనంటే?

సర్వీస్ డాగ్‌ను నిరాకరించే హక్కు డ్రైవర్‌కు లేదు. తనకు అలర్జీ ఉందన్నా, భయమన్నా చెల్లదు. వాదనకు దిగకుండా యాప్‌లో ఫిర్యాదు చేసి మరో కారు పిలుచుకోండి. డిస్నీ వారి బస్సులు, మోనోరైలు, పడవల్లో కుక్కను రానిస్తారు.

## పార్కు లోపల

ఏ రైడ్లలోకి కుక్కను రానిస్తారు?

డిస్నీ వరల్డ్‌లోని పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్ చుట్టూ తిరిగే రైలు, పడవలో నెమ్మదిగా సాగే ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ వంటివి కుక్కతో ఎక్కవచ్చు. స్పేస్ మౌంటెన్, బిగ్ థండర్ మౌంటెన్ వంటి వేగమైన వాటిలోకి రానివ్వరు. పిల్లలకు ఎత్తు పరిమితి పెట్టిన రైడ్లలో చాలావరకు కుక్కకు ప్రవేశం ఉండదని గుర్తుపెట్టుకుంటే అంచనా వేయడం తేలిక. జాబితా మారుతూ ఉంటుంది కనుక ఆ రోజున గెస్ట్ రిలేషన్స్ కార్యాలయంలో అడిగి, మ్యాప్ మీద గుర్తు పెట్టుకోండి. రానిచ్చిన ప్రతిదానికీ తీసుకువెళ్లాలని లేదు. చీకటిలో హఠాత్తుగా కిందికి జారే పడవలో కుక్కను కూర్చోబెట్టడానికి అనుమతి ఉన్నా మేము కూర్చోబెట్టలేదు.

రానివ్వని రైడ్ ఎక్కాలంటే కుక్కను ఎవరు పట్టుకుంటారు?

పార్కు సిబ్బంది కుక్క తాడు పట్టుకోరు, అందుకు వారికి అనుమతి లేదు. రైడర్ స్విచ్ అనే పద్ధతిలో సగం మంది ఎక్కి వచ్చేదాకా మిగతావారు కుక్కతో ఆగి, తరువాత మళ్లీ మొత్తం క్యూలో నిలబడకుండా తమ వంతు ఎక్కవచ్చు. కొన్ని రైడ్ల దగ్గర కుక్కను ఉంచడానికి పెట్టెల వంటి కెన్నెల్స్ ఇస్తారు. ఇంట్లో పెట్టెకు అలవాటు పడిన కుక్కకే అది పనికొస్తుంది. కుక్క పక్కన లేని ఆ పది నిమిషాలూ మా అమ్మాయి చక్కెరను యంత్రంతో చూసుకున్నాము; మీ అవసరానికి తగిన ఏర్పాటు మీరూ చేసుకోవాలి.

సర్వీస్ డాగ్ ఉంటే క్యూలో నిలబడకుండా పంపిస్తారా?

పంపించరు. క్యూలో నిలబడలేని వారి కోసం ఉన్న డాస్ అనే సదుపాయం వేరు. 2024 మే నుండి అది ప్రధానంగా ఆటిజం వంటి ఎదుగుదల సంబంధమైన వైకల్యం వల్ల మామూలు క్యూలో ఎక్కువసేపు ఉండలేని వారికే ఇస్తున్నారు. వీడియో కాల్‌లో సిబ్బందితో మాట్లాడి అర్హత తేల్చుకోవాలి. కుక్క ఉందా లేదా అన్నది దానికి ప్రమాణం కాదు.

మలమూత్రాలకు ఎక్కడికి తీసుకువెళ్లాలి?

ప్రతి పార్కులోనూ ఇందుకు కేటాయించిన చోట్లు ఉన్నాయి, మ్యాప్‌లో గుర్తులుంటాయి. కొన్ని చోట్ల పచ్చిక ఉండదు, రాళ్లో మట్టో ఉంటాయి. పచ్చిక మీదే అలవాటైన కుక్క అక్కడ నిలబడి మొహం చూస్తుంది. ఇంటి దగ్గరే రకరకాల నేలల మీద, ఒక మాట చెప్పగానే పని ముగించడం నేర్పండి. గేటు దాటే ముందు ఒకసారి, ఆ తరువాత రెండు గంటలకొకసారి తీసుకువెళ్లడం మాకు సరిపోయింది.

ఎండ నుండి కుక్కను ఎలా కాపాడాలి?

అన్ని ప్రశ్నల్లోనూ నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడమే దానికి ముఖ్యమైన ఉపాయం, గాలిలో తేమ ఎక్కువైతే ఆ ఉపాయం కూడా సరిగా పనిచేయదు. పైగా మన ముఖానికి తగిలే గాలి వేరు, నేలకు అడుగున్నర ఎత్తులో అది పీల్చే గాలి వేరు. మీ అరచేతి వెనుక భాగాన్ని నేలకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాన్ని ఆ నేల మీద నడిపించకండి.

పార్కు తెరిచే వేళకు లోపల ఉండి, పదకొండు దాటేసరికి ఏసీ ఉన్న ప్రదర్శనల్లోకి వెళ్లిపోండి. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్, ఎప్కాట్‌లో అమెరికన్ అడ్వెంచర్ ఇరవై నిమిషాలకు పైగా సాగుతాయి. ఆ సమయమంతా కుక్క చల్లని నేల మీద పడుకోగలుగుతుంది. మధ్యాహ్నం హోటల్‌కు తిరిగి వచ్చి సాయంత్రం మళ్లీ వెళ్లడాన్ని డబ్బు వృథా అనుకోకండి. సర్వీస్ డాగ్ పని మానకుండా నెట్టుకొస్తుంది, అలసిందని మనకు చెప్పదు. అలసట కనిపించేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది.

రాత్రి బాణసంచా చూడవచ్చా?

మీ కుక్క చప్పుళ్లకు బాగా అలవాటుపడితే, దూరం నుండి, చెవులకు రక్షణ తొడిగి చూడవచ్చు. కోట ముందు గుంపులో మాత్రం నిలబడకండి. మేము రెండు రాత్రులూ బాణసంచా మొదలుకాకముందే బయటకు వచ్చేశాము.

జంతువులున్న పార్కుకు, వాటర్ పార్కుకు తీసుకువెళ్లవచ్చా?

యానిమల్ కింగ్‌డమ్‌లోకి రానిస్తారు గానీ, జంతువులను ముట్టుకునే చోట, పక్షులు స్వేచ్ఛగా ఎగిరే ఆవరణల్లో రానివ్వరు. అక్కడి జంతువులు కుక్కను చూసి బెదిరిపోయే చోట్ల అడ్డుకోవడానికి చట్టం కూడా ఒప్పుకుంటుంది. వాటర్ పార్కులో గట్టు మీద ఉండవచ్చు, నీళ్లలోకి, జారుడు బల్లల మీదికి దిగకూడదు.

రెస్టారెంట్‌లో కూర్చోనిస్తారా? బఫే దగ్గరికి వెంట రావచ్చా?

రెండూ కుదురుతాయి. కుక్క నేల మీదే ఉండాలి, కుర్చీ మీద కూర్చోబెట్టడం గానీ, బల్ల దగ్గర తినిపించడం గానీ కుదరదు. గోడ పక్కన బల్ల అడిగితే దాని తోక ఎవరి కాళ్ల కిందా పడదు. పార్కులో అమ్మే పెద్ద టర్కీ కాళ్ల ఎముకలు నేల మీద దొరుకుతుంటాయి, ఉడికిన ఎముక చీలి గొంతులో గుచ్చుకుంటుంది కనుక చూస్తూ నడవాలి.

జనం వచ్చి నిమురుతుంటే ఏం చేయాలి?

“ఇప్పుడు అది పనిలో ఉంది” అని నవ్వుతూ చెప్పి నడక ఆపకండి. పిల్లలు అడిగి ఆగితే తప్పకుండా మెచ్చుకోండి. ప్రతిసారీ వివరించే బాధ్యత మీది కాదు, ముఖ్యంగా మీ బిడ్డ జబ్బు గురించి తెలియనివారికి చెప్పవలసిన అవసరం లేదు.

## ఏదైనా తేడా వస్తే

కుక్కను బయటకు తీసుకువెళ్లమనే అధికారం వారికి ఉందా?

రెండు సందర్భాల్లో ఉంది: కుక్క అదుపు తప్పినా మీరు సరిచేయకపోతే, లేదా అది ఎక్కడపడితే అక్కడ మలమూత్రాలు విసర్జించే అలవాటుతో ఉంటే. అప్పుడు కూడా కుక్క లేకుండా మీరు ఉండవచ్చని చెప్పాలి. పక్కవారికి అలర్జీ అనో, భయమనో పంపించకూడదు.

వడదెబ్బ తగిలిందని ఎలా గుర్తించాలి? వెంటనే ఏం చేయాలి?

ఆగకుండా రొప్పడం, చిక్కటి చొంగ, ఎర్రబడిన చిగుళ్లు, తూలడం, వాంతి దీని గుర్తులు. కుక్క మామూలు ఉష్ణోగ్రత 38.3 నుండి 39.2 డిగ్రీల సెల్సియస్. 40 దాటితే ప్రమాదం. ముందు నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లని నీళ్లతో తడుపుతూ గాలి విసరండి, ఆ తరువాతే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. 24 గంటలూ తెరిచి ఉండే పశువుల ఆసుపత్రి చిరునామాను ఇంటి దగ్గరే ఫోన్‌లో పెట్టుకోవాలి.

## మనవాళ్లు ప్రత్యేకంగా అడిగేవి

ఆర్లాండోలో గుడికి కూడా వెళ్లాలనుకుంటున్నాము. కుక్కను రానిస్తారా?

మత సంస్థలకు ఏడీఏ వర్తించదు కనుక రానివ్వాలన్న నిర్బంధం గుడికి లేదు. ముందే ఫోన్ చేసి అడగండి. మేము ఇద్దరిద్దరుగా దర్శనం చేసుకుని, మిగతావారం కుక్కతో బయట చెట్టు నీడలో కూర్చున్నాము.

కుక్కను ఇండియా నుండి తీసుకువస్తే, లేదా సెలవులకు ఇండియాకు తీసుకువెళ్లి తిరిగి వస్తే?

2024 ఆగస్టు 1 నుండి అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ, అంటే సీడీసీ, నియమాలను కఠినం చేసింది. కుక్కకు ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, దిగుమతి ఫారం నింపాలి. రేబిస్ ప్రమాదం ఎక్కువున్న దేశాల జాబితాలో ఇండియా ఉంది కనుక అక్కడ టీకా వేయించిన కుక్క సీడీసీ గుర్తించిన కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి, ఆ కేంద్రంలో ముందే నమోదు చేసుకోవాలి. ఆర్లాండోలో అలాంటి కేంద్రం లేదు. దగ్గరలో ఉన్నవి మయామి, అట్లాంటా. గుర్తింపు పొందిన ప్రయోగశాలలో రేబిస్ రక్తపరీక్ష చేయించకపోతే 28 రోజులు అక్కడే విడిగా ఉంచుతారు. అమెరికాలో టీకా వేయించిన కుక్కను ఇండియాకు తీసుకువెళ్లేవారు, బయలుదేరకముందే ఆ టీకాను ధృవీకరించే ప్రభుత్వ ఫారాన్ని ఇక్కడి పశువైద్యునితో నింపించుకోవాలి. దేశం దాటిన తరువాత ఆ ఫారం సంపాదించడం కుదరదు.